హైదరాబాద్ స్కైకింగ్స్ మీలో ఎవరికైనా గుర్తుందా?

పోయిన శనివారం రాత్రి పదకొండింటికి మా ఇంజినీరింగ్ బ్యాచ్ కాల్. ఫ్రిస్కోలో ఇద్దరు, న్యూజెర్సీలో ఒకడు, గచ్చిబౌలిలో నలుగురు, నేను. మామూలుగా ఈ కాల్స్‌లో ఫ్లాట్ల రేట్లు, వీసా కష్టాలు, ఎవడి పెళ్ళి ఎప్పుడు... ఇవే నడుస్తుంటాయి. ఈసారి ఫ్రిస్కో వాడు స్క్రీన్ షేర్ చేసి పద్దెనిమిది స్లైడ్లు చూపించాడు.

విషయం ఏమిటంటే, ఇండియాలో అమెరికన్ ఫుట్‌బాల్‌కి ఒక స్ప్రింగ్ మైనర్ లీగ్ పెట్టాలట. ఫిబ్రవరి నుంచి మే దాకా, ఆరు ఊళ్ళు, ఆరు జట్లు. మొదటి ఏడాది ఫ్లాగ్ ఫుట్‌బాల్, అంటే ఒక్కో వైపు అయిదుగురు, మీద పడి కూలదోయడం ఉండదు, నడుముకి కట్టుకున్న గుడ్డముక్క లాగితే చాలు. రెండో ఏడాది నుంచి హెల్మెట్లు, ప్యాడ్లు, అసలు ఆట. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది కాబట్టి ఇదే అదను అంటాడు. ఇరవై మంది కలిసి తలా అయిదు వేల డాలర్లు వేసుకోవాలి. లోగోలు కూడా అయిపోయాయి. వైజాగ్ జట్టు లోగోలో డాల్ఫిన్ హెల్మెట్ పెట్టుకుని ఉంది. బాగానే ఉంది, అబద్ధమెందుకు.

"ప్లేయర్లు ఎక్కణ్ణుంచి వస్తార్రా?" అన్నాను.

"అందుకే కదా మామా నిన్ను లాగింది. మీది అరకు కదా. ట్రైబల్ ఏరియాలో రా టాలెంట్ బోలెడు. ఫిట్‌గా ఉంటారు, దెబ్బలకి భయపడరు. నువ్వొక ముప్పై మందిని సెట్ చేసిపెట్టు చాలు."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కానీ కాల్‌లో ఎనిమిది మంది ఒకేసారి మాట్లాడుతుంటే కోపం కూడా సరిగ్గా చూపించలేం. "ఆలోచిస్తాన్లే" అని పెట్టేశాను. ఆలోచించింది ఇదిగో ఇక్కడ రాస్తున్నా. వాళ్ళూ చదువుతారు, చదవాలనే రాస్తున్నా.

ముందు ఒక చరిత్ర. ఈ ఆలోచన కొత్తదని మావాడి నమ్మకం. కాదు. 2011లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి ప్రకటించారు. వెనకాల ఉన్న పేర్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి. మైక్ డిట్కా, కర్ట్ వార్నర్, మైకేల్ ఇర్విన్, సినిమా హీరో మార్క్ వాల్‌బర్గ్. ఎనిమిది జట్లు. పుణె మరాఠాస్, డిల్లీ డిఫెండర్స్, ముంబయి గ్లాడియేటర్స్, కోల్‌కతా వైపర్స్, బెంగళూరు వార్‌హాక్స్, ఇలా. అందులో మన హైదరాబాద్ స్కైకింగ్స్ కూడా ఉంది. 2012లో సీజన్ జరిగింది. ఎక్కడ జరిగిందో తెలుసా? కొలంబోలో. హైదరాబాద్ జట్టు, డిల్లీ జట్టు, పుణె జట్టు అన్నీ శ్రీలంక వెళ్ళి, సుగతదాస స్టేడియంలో ఆడాయి. ఆటలన్నీ రికార్డు చేసి తర్వాత టీవీలో వేశారు. ఫైనల్లో పుణె 6-0తో డిల్లీ మీద గెలిచింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 6-0 అంటే మొత్తం మ్యాచ్‌కి కలిపి ఒక్క టచ్‌డౌన్‌కి వచ్చేన్ని పాయింట్లే అన్నమాట.

ఆ ఏడాది నేను తొమ్మిదో తరగతి. హైదరాబాద్‌కి అలాంటి జట్టు ఒకటుందని నాకు తెలిసింది డల్లాస్ వెళ్ళాక, గూగుల్‌లో ఇంకేదో వెతుకుతుంటే! హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మా టీమ్ లీడ్‌ని అడిగా, "స్కైకింగ్స్ అంటే ఎయిర్‌లైన్సా?" అన్నాడు. లీగ్ నిలబడలేదు.

నిలబడదు కూడా. ఆడినవాళ్ళని నేను ఒక్క మాట అనను. రగ్బీ, అథ్లెటిక్స్, ఇంకా రకరకాల ఆటల నుంచి వచ్చి, నెలల్లో కొత్త ఆట నేర్చుకుని, పక్క దేశం వెళ్ళి ఒళ్ళు హూనం చేసుకున్నారు పాపం. తప్పు ఎక్కడంటే, దానికి కింద ఏమీ లేదు, పైన ఏమీ లేదు. కింద ఆ ఆట ఆడే స్కూలు లేదు, కాలేజీ లేదు, వీధి లేదు. పైన, బాగా ఆడితే వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. గాల్లో ఒక మెట్టు కట్టారు. నిచ్చెన కట్టలేదు.

ఇక్కడ మైనర్ లీగ్ అంటే ఏమిటో కాస్త చెప్పాలి, మనవాళ్ళు ఆ మాటని "చిన్న సైజు లీగ్" అనే అర్థంలో వాడేస్తున్నారు కాబట్టి. మైనర్ లీగ్ అంటే చిన్నది కాదు, పెద్దదాని కింది మెట్టు. ఎన్ఎఫ్ఎల్‌లో 32 జట్లు. ఆగస్టులో ఒక్కో జట్టు క్యాంపులో 90 మంది దాకా ఉంటారు. సీజన్ మొదలయ్యేసరికి 53కి తగ్గించాలి. లెక్క వేయండి, ఒక్కో జట్టుకి 37 మంది, 32 జట్లకి 1,184 మంది. అంతమందికి ఒక్కసారే పింక్ స్లిప్. కొందర్ని ప్రాక్టీస్ స్క్వాడ్ అని బెంచ్ మీద ఉంచుకుంటారు. (మనకి బెంచ్ అంటే ఏమిటో వివరించక్కర్లేదు కదా :)) మిగతావాళ్ళు ఏం చెయ్యాలి? ఆట వచ్చు, ఒంట్లో శక్తి ఉంది, ఆడటానికి చోటు లేదు. స్ప్రింగ్ లీగ్ పుట్టేది ఆ మనుషుల కోసం. పెద్ద లీగ్ ఫిబ్రవరిలో అయిపోతుంది, మళ్ళీ సెప్టెంబరు దాకా ఉండదు, ఆ ఖాళీలో వీళ్ళని ఆడించి, పైవాళ్ళు చూసి, పనికొచ్చేవాణ్ణి పట్టుకుపోవాలి.

ఆటగాళ్ళు అంతమంది ఉండి, చూసే జనం అంతమంది ఉండి, టీవీ డబ్బు అంత ఉండి, అమెరికాలోనే ఈ స్ప్రింగ్ లీగులు వరసపెట్టి కూలిపోయాయి. 1983లో యూఎస్ఎఫ్ఎల్ వచ్చింది. 12 జట్లతో మొదలై, రెండో ఏడాదికే 18 జట్లు చేశారు. హెర్షల్ వాకర్, జిమ్ కెల్లీ, స్టీవ్ యంగ్, రెజీ వైట్ అందులో ఆడినవాళ్ళే. న్యూజెర్సీ జనరల్స్ జట్టు ఓనరు డొనాల్డ్ ట్రంప్, అవును ఆయనే. మూడు సీజన్లు వసంతంలో ఆడి, బుద్ధిగా ఉండక, 1986 నుంచి శరదృతువుకి మారి ఎన్ఎఫ్ఎల్‌తో నేరుగా తలపడతామన్నారు. కోర్టుకెక్కారు. కేసు గెలిచారు కూడా. జ్యూరీ ఇచ్చిన నష్టపరిహారం ఎంతో తెలుసా? ఒక డాలరు. చట్టం ప్రకారం మూడింతలు చేస్తే మూడు డాలర్లు. లీగ్ మూసేశారు.

2001లో కుస్తీల విన్స్ మెక్‌మేన్ ఎక్స్ఎఫ్ఎల్ పెట్టాడు, ఒక్క సీజన్. 2019 ఫిబ్రవరిలో ఏఏఎఫ్ మొదలైంది, ఏప్రిల్ మొదట్లోనే, ఎనిమిది వారాలకి, సీజన్ మధ్యలో మూసేశారు. 2020లో మళ్ళీ ఎక్స్ఎఫ్ఎల్, అయిదు వారాలకి కరోనా, దివాళా. దాన్ని డ్వేన్ జాన్సన్ బృందం కోటిన్నర డాలర్లకి కొని 2023లో మళ్ళీ నడిపింది. 2022లో యూఎస్ఎఫ్ఎల్ పేరుతోనే ఇంకో కొత్త లీగ్ వచ్చింది. చివరికి ఈ రెండూ కలిసిపోయి 2024లో యూఎఫ్ఎల్ అయ్యాయి. నలభై ఏళ్ళలో ఇన్నిసార్లు పడి లేచి ఇప్పటికి ఇక్కడికి చేరింది కథ. కారణం నాకు తెలిసినంతలో ఒక్కటే. అసలు కింది మెట్టు పనంతా అక్కడి కాలేజీలు ఎప్పట్నుంచో చేసేస్తున్నాయి. ఎన్ఎఫ్ఎల్‌కి పైసా ఖర్చు లేకుండా తయారైన సరుకు ఏటా ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో చేతికొస్తుంది. మన క్యాంపస్ రిక్రూట్‌మెంట్‌లాగే. ఇక స్ప్రింగ్ లీగ్‌కి మిగిలేది రెండో అవకాశం కోసం చూసేవాళ్ళు మాత్రమే.

అలాగని పనికిరానిదా అంటే, కాదు. 2023 వసంతంలో నేను ఆన్‌సైట్‌లో ఉన్నా. ఒక ఆదివారం ఏమీ తోచక ఆర్లింగ్టన్ రెనిగేడ్స్ ఆట చూడ్డానికి వెళ్ళా. ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియంని ఫుట్‌బాల్‌కి సర్దారు. బయటికొచ్చి చూస్తే కొంచెం దూరంలో డల్లాస్ కౌబాయ్స్ వాళ్ళ మహా స్టేడియం, రాజుగారి కోటలా. ఈ చిన్నదాంట్లో ఆడేవాడికి రోజూ ఆ పెద్దది కళ్ళముందు కనపడుతుంటుంది. ఆ సీజన్ కప్పు ఆ రెనిగేడ్సే కొట్టారు. అంతకుముందు ఏడాది 2022లో యూఎస్ఎఫ్ఎల్‌లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన కవాంటే టర్పిన్‌ని కౌబాయ్స్ పట్టుకుపోయారు. అదిగో, అదీ మైనర్ లీగ్ అంటే. పక్క స్టేడియంకి దారి ఉండాలి.

కర్ట్ వార్నర్ కథ ఇంకా బాగుంటుంది. 1994లో గ్రీన్ బే వాళ్ళు క్యాంపులోంచి పంపేస్తే అయోవాలో ఒక సూపర్ మార్కెట్‌లో రాత్రి షిఫ్టులో సరుకులు సర్దాడు. తర్వాత ఇండోర్ అరీనా ఫుట్‌బాల్‌లో మూడేళ్ళు, 1998 వసంతంలో యూరప్ లీగ్‌లో ఆమ్‌స్టర్‌డామ్ జట్టుకి. 2000 జనవరిలో సూపర్ బౌల్ గెలిచి, ఆ ఆటకి అత్యుత్తమ ఆటగాడు. మెట్టు మెట్టూ ఎక్కి వచ్చినాయన. అలాంటాయన పేరు మన 2011 లీగ్ వెనకాల ఉంది, చిత్రం కాకపోతే! తను ఎక్కిన మెట్లలో ఒక్కటీ లేని చోట లీగ్ పెడుతున్నారని ఆయనకి ఎవరూ చెప్పలేదేమో.

సరే, ఇప్పుడు మా అరకు సంగతి.

మాది అరకు అంటే, పుట్టుకతో కాదు. నాన్నది విజయనగరం వైపు. ఆశ్రమ పాఠశాలల్లో పీఈటీ. డుంబ్రిగుడ, హుకుంపేట, పెదబయలు, ఇలా ట్రాన్స్‌ఫర్ అయిన చోటల్లా క్వార్టర్సులో పెరిగాను. నేను ఆదివాసీని కాదు, వాళ్ళ తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ వాళ్ళ పిల్లలతో కలిసి ఆడి, ప్రతిసారీ ఓడిపోయినవాణ్ణి. ఆ మాత్రం సాక్ష్యం చెప్పగలను.

మా ఫ్రిస్కో వాడు అన్నది అబద్ధం కాదు. నిజంగానే ఫిట్‌గా ఉంటారు. వానాకాలం గెడ్డ దాటి, కొండెక్కి, బడికొచ్చే పిల్లలు ఎలా ఉంటారు మరి? నాకు కోపం తెప్పించింది ఆ వాక్యం కట్టిన తీరు. "దెబ్బలకి భయపడరు." ఇది ఆటగాడి గురించి మాట్లాడే మాటలా లేదు, వైజాగ్‌లో అపార్ట్‌మెంట్ కట్టే మేస్త్రి కూలీల గురించి మాట్లాడే మాటలా ఉంది. "ముప్పై మందిని సెట్ చెయ్యి" అనేది కూడా అదే. మనల్ని కన్సల్టెన్సీ వాడు "రిసోర్స్" అంటే మండుతుందా లేదా? ఆ మండేది వాళ్ళకీ ఉంటుంది.

అసలు దెబ్బల మాట వచ్చింది కాబట్టి. తలకి తగిలిన దెబ్బల కేసులో ఎన్ఎఫ్ఎల్ 2013లో 76.5 కోట్ల డాలర్లకి ఒప్పందానికొచ్చింది, తర్వాత చెల్లింపులు వంద కోట్లు దాటాయి. ప్రతి మ్యాచ్‌కీ డాక్టర్లు వరసలో నిలబడే చోట ఆ పరిస్థితి. రెండో ఏడాది నుంచి హెల్మెట్లు పెట్టి ఆడిస్తామంటున్నారే, మా కుర్రాడికి తలకి దెబ్బ తగిలితే పాడేరు ఘాట్ దిగి కేజీహెచ్‌కి ఎవరు తీసుకెళ్తారు? తర్వాత పదేళ్ళకి వాడికి తలనొప్పి వస్తే ఎవరు చూస్తారు? పద్దెనిమిది స్లైడ్లలో ఇన్సూరెన్స్ అన్న మాట ఒక్కచోట కూడా లేదు. మెర్చండైజ్ మీద మాత్రం రెండు స్లైడ్లున్నాయి.

నా క్లాస్‌మేట్ ఒకడుండేవాడు. వాలీబాల్‌లో వాడు ఎగిరితే నెట్‌కి పైన నడుము కనపడేది, అతిశయోక్తి కాదు. పదోక్లాసులో జిల్లా స్థాయి దాకా వెళ్ళాడు. ఇంటర్ అయ్యాక? ఏముంది, సంక్రాంతికి మండలం టోర్నమెంటు, ఒక షీల్డు, కొన్ని వేలు, అన్నం. మళ్ళీ సంక్రాంతి దాకా ఏమీ లేదు. ఇప్పుడు బొర్రా గుహలకి టూరిస్టుల్ని తిప్పే జీపు నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు, బాగానే ఉన్నాడు. వాడి గురించి ఏడవాల్సిందేమీ లేదు. కానీ పద్దెనిమిది నుంచి ఇరవై మూడు దాకా, ఆ అయిదేళ్ళు, వాడు ఏటా మూడు నెలలు నిలకడగా ఆడి ఉంటే, ఎవరో ఒకరు చూసి ఉంటే? రైల్వేలోనో పోలీసులోనో స్పోర్ట్స్ కోటా ఉంటుందని కూడా వాడికి వయసు దాటాకే తెలిసింది. మాయమైన మెట్టు అదీ. నాకు తెలిసిన కొండల్లో లేనిది టాలెంట్ కాదు, కేలండరు.

"ఎందుకు లేదు, ప్రభుత్వం పెట్టిందిగా" అంటారు. నిజమే. 2023 డిసెంబరు 26న ఆడుదాం ఆంధ్ర మొదలైంది, 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసింది. సచివాలయం స్థాయి నుంచి మండలం, నియోజకవర్గం, జిల్లా, రాష్ట్రం. నిచ్చెన ఆకారం సరిగ్గానే ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఎన్నికల ముందు పెట్టారు, ప్రభుత్వం మారింది, మళ్ళీ జరగలేదు, మిగిలింది డబ్బు మీద విచారణలు. పార్టీల గొడవ నాకొద్దు. ఒక్కసారి జరిగేదాన్ని లీగ్ అనరు, జాతర అంటారు. జాతర అయినా ఏటా వస్తుంది!

ఇంకోవైపు పైనుంచి కట్టినవి చూడండి. కబడ్డీలో మన తెలుగు టైటాన్స్ 2014 నుంచీ ఉంది. 2023లో పవన్ సెహ్రావత్‌ని వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలకి కొన్నారు. గొప్ప ఆటగాడు, అనుమానం లేదు. ఆ సీజన్లో పట్టికలో అట్టడుగున మిగిలాం. 2025 సీజన్ దాకా కప్పు మొహం చూడలేదు. కింద ఊళ్ళల్లో ఆట నడవనప్పుడు పైన వేలంలో ఎంత పెట్టినా ఇంతే.

ఇక కొలంబో సంగతి ఇంకొకటి చెప్పాలి. 2025 నవంబరులో అంధ మహిళల టీ20 ప్రపంచకప్ మొదటిసారి జరిగింది, ఫైనల్ అదే కొలంబోలో. ఫైనల్లో మనవాళ్ళు నేపాల్ మీద గెలిచారు. ఆ ఫైనల్లో 42 పరుగులు కొట్టిన పాంగి కరుణకుమారిది పాడేరు మండలం వంట్లమామిడి. విశాఖలో అంధ బాలికల ప్రభుత్వ పాఠశాలలో చదువుకుంటూ అక్కడే క్రికెట్ పట్టుకుంది. హాలీవుడ్ హీరో లేడు, లోగో లేదు. ఒక బడి ఉంది, ఆ బడిలో ఆట ఉంది, పైన ఎంపికలు ఉన్నాయి, ఆ పైన దేశం జట్టు ఉంది. మెట్లున్నాయి, ఎక్కింది. మన ఊరి జట్టుని కోట్లు పెట్టి కొలంబో తీసుకెళ్ళినవాళ్ళ సంగతేమో ఎవరికీ గుర్తు లేదు, ఈ అమ్మాయి వెళ్ళిందేమో కప్పుతో వచ్చింది.

"మరి ఫ్లాగ్ ఫుట్‌బాల్‌కి ఒలింపిక్స్ పై మెట్టు కదా" అని మావాడి వాదన. నాయనా, 2028లో ఆడేది మగవాళ్ళలో ఆరు జట్లు, ఆడవాళ్ళలో ఆరు జట్లు. ఆరంటే ఆరే. దాన్ని చూపించి ఈ ఏడాది బంతి ముట్టుకునే కుర్రాడికి "ఒలింపిక్స్" అనడం, బీటెక్ మొదటి ఏడాది వాడికి "నేరుగా కాలిఫోర్నియా జాబ్" అని ఫీజు కట్టించుకోవడం లాంటిది. ఆట మీద నాకు కక్ష లేదు. చవక, అమ్మాయిలూ ఆడొచ్చు, ఒక బంతి, పది బెల్టులుంటే చాలు. బళ్ళో పీఈటీలకి నచ్చితే సాయంత్రం నేర్పుకుంటారు, పదేళ్ళకి ఏమవుతుందో చూద్దాం. కానీ ప్రొఫెషనల్ లీగ్ అని పేరు పెట్టి, ఇరవై ఏళ్ళ వాడి రెండేళ్ళు తీసుకునే హక్కు మనకి లేదు.

విచిత్రమేమిటంటే, మావాడి స్లైడ్లలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. స్ప్రింగ్. వాడు అమెరికా చూసి పెట్టాడు గానీ అది మా కొండలకి అతికినట్టు సరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ పండ్లు కోసే పని. జూన్‌లో వానలు పడితే దుక్కి, నాట్లు. మధ్యలో ఫిబ్రవరి చివర నుంచి మే దాకా పొలం పని తక్కువ. కుర్రాళ్ళు పనికోసం కొండ దిగేది అప్పుడే. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం హెల్మెట్ పెట్టుకుని పరిగెడితే ఆటగాడు మిగలడు. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్ల పైన ఉంది, సాయంత్రం నాలుగు తర్వాత హాయిగా ఆడొచ్చు. ఎండాకాలం గాలివాన మాత్రం చెప్పకుండా వచ్చేస్తుంది, దానికి ఎవడూ ఏమీ చెయ్యలేడు.

అందుకని నేనొక ఎక్సెల్ షీటు చేశాను. (ఇంజినీర్ అన్నాక ఇంకేం చేస్తాడు.) పాడేరు ఐటీడీఏ కింద 11 మండలాలు. మండలానికి వాలీబాల్ జట్లు రెండు, అబ్బాయిలది ఒకటి, అమ్మాయిలది ఒకటి. 22 జట్లు, జట్టుకి 12 మంది, 264 మంది. వయసు 17 నుంచి 23, బడి పూర్తయినవాళ్ళే, అప్పుడు మార్చి పరీక్షలతో గొడవ లేదు. ప్రతి జట్టూ మిగతా పదింటితో ఒక్కోసారి ఆడాలంటే పదకొండు వారాలు, వారానికి ఒక జట్టుకి సెలవు. చైత్రంలో ఇటుకల పండగ వారం ఆటలుండవు. ఆ వారం ఊళ్ళో మగవాళ్ళంతా వేటకి పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పెట్టి వచ్చే పోయే బళ్ళని ఆపి డబ్బులడుగుతారు. జట్టు జీపుని కూడా ఆపుతారు :) మొత్తం పన్నెండు వారాలు. ఫిబ్రవరి ఆఖర్లో మొదలెడితే మే మధ్యకి అయిపోతుంది.

ఖర్చు నా అంచనా. బూట్లు, జెర్సీ మనిషికి రెండు వేలు, అది 5 లక్షల 28 వేలు. వారానికి పది జట్లు ప్రయాణం చెయ్యాలి, జీపుకి నాలుగు వేల చొప్పున పదకొండు వారాలకి 4 లక్షల 40 వేలు. ఆట రోజు తిండి మనిషికి రెండు వందలు, పది ఆటలకి మళ్ళీ 5 లక్షల 28 వేలు. రిఫరీలు, ఫస్ట్ ఎయిడ్, ఇన్సూరెన్స్, బంతులు, నెట్లకి ఇంకో అయిదు లక్షలు. మొత్తం ఇరవై లక్షలు. మావాళ్ళు వేద్దామనుకున్న లక్ష డాలర్లు రూపాయల్లో ఎనభై లక్షలు దాటుతుంది. అంటే నాలుగు వసంతాలు. నాలుగేళ్ళ డబ్బు ముందే బ్యాంకులో వేసి, తేదీలు ముందే ప్రకటించాలి. ఇదొక్కటీ నా షరతు. ఏడాది ఆడించి "రెస్పాన్స్ రాలేదు" అని సర్దుకునే పనైతే మొదలే వద్దు.

పై మెట్టు సంగతి మనం డబ్బుతో చెయ్యలేం, తిరగాలి. ఆఖరి రెండు వారాలకి రైల్వే, పోలీసు కోచ్‌లని, స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళని, ప్రైమ్ వాలీబాల్‌లో ఆడే హైదరాబాద్ జట్టు వాళ్ళని కాళ్ళావేళ్ళా పడి పాడేరు రప్పించాలి. ఈ పనికి గచ్చిబౌలిలో ఉన్న నలుగురు కావాలి, ఫ్రిస్కో వాళ్ళు కాదు. 264 మందిలో నలుగురికి ఉద్యోగం దొరికినా చాలంటాను. ఒక్కడికీ దొరక్కపోయినా మూడు నెలలు తిని, ఆడి, పక్క మండలం చూసి వస్తారు, తలకి దెబ్బ లేకుండా.

దీనికి కూడా ఒక విమర్శ ఉంది, నేనే చెప్తా. ఇది కూడా బయటివాళ్ళు కూర్చుని రాసిన ప్లానే. అందుకే మొన్న నాన్నకి ఫోన్ చేశా. రిటైరై ఇప్పుడు ఎస్.కోటలో ఉంటున్నారు. అంతా విన్నారు.

"ఏట్రా, పదకొండు మండలాలూ ఒకేసారా? రెండు మండలాలతో మొదలెట్టి చూడు ముందు. జట్టు ఎవరిదో ఊళ్ళో పెద్దల్ని అడిగేవా? మీ ఇష్టం వచ్చినట్టు ఏరుకుంటే ఒక పంచాయతీ వాడు ఇంకో పంచాయతీ వాడితో ఆడడు. అమ్మాయిలు రాత్రి ఎక్కడుంటారు? జీపు సాయంత్రం ఆరు దాటితే ముంచంగిపుట్టు వెనక్కి రాదు."

"మరి ఎలా నాన్నా?"

"శని, ఆదివారాలు ఒకే చోట నాలుగు జట్లు పెట్టు. ఆశ్రమ పాఠశాల హాస్టలు అడుగు, పర్మిషన్ వస్తుంది. టీచరమ్మలు ఉంటారు. ఖర్చూ తగ్గుతుంది. అయినా బంతులు ఎన్ని కొంటారో రాయలేదేటి నువ్వు? కంకర నేల మీద బంతి నెల్లాళ్ళు రాదురా."

షీటులో బంతుల లైను విడిగా చేర్చాను. ప్రయాణం ఖర్చు తగ్గింది, బంతులది పెరిగింది. రెండు మండలాల వెర్షన్ ఇంకో ట్యాబ్‌లో పెట్టి నిన్న గ్రూపులో పంపాను. ఇరవై మందిలో ఆరుగురు "ఓకే" అన్నారు, ముగ్గురు బొటనవేలు చూపించారు, దాన్ని ఎలా లెక్కపెట్టాలో తెలీదు.

ఫ్రిస్కో వాడు మాత్రం రాత్రి మెసేజ్ పెట్టాడు. "మామా, బానే ఉంది. కానీ మరి డాల్ఫిన్?"

కొండ మీద డాల్ఫిన్ ఏమిట్రా అని టైప్ చేసి, చెరిపేసి, పడుకున్నా. శనివారం కాల్ ఉంది.